పక్కింటి ముసలావిడ

ఆ వేసవికి నాకింకా ఇరవై నిండలేదు. డిగ్రీ రెండో ఏడు, సాహిత్యం. పది వారాలు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేసి కాగితం తెస్తే తప్ప మూడో ఏట్లో కూర్చోనివ్వమని కాలేజీవాళ్ళు మెలిక పెట్టారు. నా తోటివాళ్ళు తెలివైనవాళ్ళు, ఏసీ గదులున్న చోట్లు చూసుకుని చేరిపోయారు. నేను పుస్తకాల పిచ్చిదాన్ని కదా, ఏరికోరి ఒక ప్రచురణ సంస్థలో పడ్డాను. నవలలు వేస్తారు, ఒక వారపత్రిక నడుపుతారు. మేడ మీద నాలుగు గదులు, గదికొక ఫ్యాను. ఫ్యాను గాలికి కాగితం నిలవదు కాబట్టి ప్రతి బల్ల మీదా నాలుగైదు రాళ్ళు. మొదటిరోజు డీటీపీ చేసే ఆయన, “నువ్వేం చేస్తావమ్మా ఇక్కడ?” అని అడిగాడు. “ఇంటర్న్‌నండీ” అన్నాను. అంతే, ఆ పూట నుంచి అందరికీ నేను ఇంటర్నమ్మని.

ఇంటర్నమ్మకి ఇచ్చిన పని ఒక్కటే. ఆ పత్రికలో ముప్పై వారాలుగా ఒక సీరియల్ నడుస్తోంది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు, వాళ్ళు నడిపే బట్టలు కుట్టే దుకాణం. పత్రిక కొనేవాళ్ళలో సగంమంది దానికోసమే కొంటారని చెప్పుకునేవారు. రాసేది డెబ్బై రెండేళ్ళ పెద్దావిడ. కంప్యూటర్ ముట్టుకోదు. ఆవిడ చేతిరాత చదవగలిగిన కంపోజరు ఒక్కడే ఉండేవాడు, ఆయన కాస్తా రిటైరై వెళ్ళిపోయాడు. మా నాన్న మందుల షాపులో పనిచేస్తాడు, డాక్టర్ల చీటీలు చదివి చదివి నాకు ఎలాంటి రాతైనా తెలుస్తుందని నోరు జారాను. ఎడిటర్ గారు మారు మాట లేకుండా ఫైలు నా చేతిలో పెట్టేశారు.

“ప్రతి గురువారం వాళ్ళింటికి వెళ్ళి ఎనిమిది కాగితాలు తెచ్చుకో. తప్పులుంటే దిద్ది టైపు చెయ్యి. అసలు కాగితాల మీద తేదీ వేసి ఫైల్లో దాచు, నవల పుస్తకంగా వచ్చేదాకా అవి ఉండాలి” అన్నారు. తర్వాత కళ్ళజోడు పైనుంచి చూసి, “దిద్దడం అంటే ఇల్లు ఊడ్చినట్టుండాలి. ఇల్లు శుభ్రంగా కనబడాలి గాని చీపురు కనబడకూడదు. రచయితకి కూడా” అన్నారు.

నాకు ఆ మాట తెగ నచ్చేసింది. ఇంటికొచ్చి మా అమ్మకి రెండుసార్లు చెప్పాను.

మొదటి గురువారం వెళ్ళేసరికి తలుపు తీసింది ఆవిడ కోడలు. బడిలో లెక్కల టీచరు, సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉంది. చేతిలో జవాబు పత్రాల కట్ట. నన్ను ఎగాదిగా చూసి, “పత్రిక నుంచా? ఇంత చిన్నపిల్లనా పంపించారు?” అని నవ్వింది. వరస కలపడంలో నేను ముందుంటాను. పది నిమిషాల్లో ఆవిడ వదిన అయింది, ఎప్పుడో సాయంత్రానికి గాని ఇల్లు చేరని ఆవిడ భర్త అన్నయ్య అయ్యాడు. లోపలి గదిలో పెద్దావిడ, “అమ్మగారూ” అని పిలవగానే మొహం చిట్లించారు.

“అమ్మగారేమిటే, నేనేమన్నా జీతాలిచ్చేదాన్నా? మామ్మగారూ అను, సరిపోతుంది.”

మంచం, కిటికీ పక్కన బల్ల, బల్ల వెనక పుస్తకాల బీరువా. కాగితాలు ఇచ్చే ముందు పెన్ను మూత కింద పడింది. నేను వంగేలోపే ఆవిడే వంగి తీసుకుని లేచారు. తెరిచి ఉన్న బీరువా తలుపు అంచు కుడి కణత మీద ఠప్పున తగిలింది. నేను “అయ్యో” అన్నాను. ఆవిడ కణత రుద్దుకుంటూ నా నోటి మీద వేలు పెట్టినంత పని చేశారు.

“గట్టిగా అరవకు. కోడలు విందంటే కొడుక్కి చెబుతుంది, వాడు విన్నాడంటే వారం రోజులు మంచం దిగనివ్వడు. వారం రాయకపోతే నేను ఛస్తాను గాని దెబ్బకి చావను. ఎవరితో అనకు.”

“అనను మామ్మగారూ.”

అంత పెద్దావిడ నాతో రహస్యం పంచుకున్నందుకు నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. మెట్లు దిగేటప్పుడు రెండేసి మెట్లు దూకాను కూడా.

ఆవిడకి ఒక అలవాటుంది. అచ్చులో వచ్చింది చదవరు. “నలభై ఏళ్ళుగా చదవలేదు, చదివితే అన్నీ తప్పులే కనిపిస్తాయి, తిండి సయించదు” అనేవారు. ఇంట్లో చదివేవాళ్ళు చదివేది అచ్చు. ఆఫీసులో అందరూ చూసేది నేను టైపు చేసింది. ఆవిడ చేత్తో రాసిన కాగితం చూసేది లోకంలో నేనొక్కదాన్నే. ఇది అప్పుడు నాకు గర్వంగా ఉండేది.

నాలుగో వారం కాగితాల్లో పెద్దక్క మొగుడు పెరట్లోంచి వచ్చి టీ అడిగాడు. ఆయన ఎప్పుడో సీరియల్ పన్నెండో వారంలోనే పోయాడు! ఆయన పోయినప్పుడు మా అమ్మ కళ్ళు కూడా తుడుచుకుంది. నేను పకపకా నవ్వుకుని, పరుగున వెళ్ళి ఎడిటర్ గారితో చెప్పాను. ఆయన కూడా నవ్వారు.

“సీరియల్ సాగే కొద్దీ ఇది మామూలేనమ్మా. ఒకాయన హీరోయిన్‌కి రెండుసార్లు పెళ్ళి చేశాడు, ఒకడితోనే. చచ్చినవాళ్ళని మళ్ళీ పడుకోబెట్టడం మన పని. బయట అనకు.”

పెద్దక్క మొగుణ్ణి తీసేసి ఆ టీ ఒక పాత ఖాతాదారుడి చేత తాగించాను. అతుకు తెలియలేదు. ఎడిటర్ గారు ప్రూఫు చూసి “చీపురు కనబడలేదు” అన్నారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

అయిదో వారం నుంచి కాగితాల తీరు మారింది. ఎప్పుడూ ఎడమవైపు వేలెడు ఖాళీ వదిలి రాసే మనిషి, రెండు వేళ్ళు వదిలారు. ఆరో వారం నాలుగు వేళ్ళు. పంక్తులు కుడివైపుకి ఒరిగి, చివర మాటలు ఒకదానిమీద ఒకటి ఎక్కేవి. ఒక్కో వాక్యం రెండుసార్లు వచ్చేది. ఇంతా చేసి ఎనిమిది కాగితాల్లో అయిదు కాగితాల సరుకే ఉండేది. టైపు చేస్తే మార్జిన్ ఎవరికి కనిపిస్తుంది? అన్ని పంక్తులూ బుద్ధిగా ఒకే చోట మొదలవుతాయి. తగ్గిన సరుకు నేను నింపేదాన్ని. మొదట ఒక వాక్యం, తర్వాత ఒక పేరా.

ఆ వారాల్లోనే కథలోకి కొత్త మనిషి వచ్చింది. దుకాణం పక్కింట్లో ఉండే ముసలావిడ. ఆవిడకి పేరూ లేదు, పనీ లేదు, ముగ్గురు అక్కచెల్లెళ్ళతో మాటా లేదు. ఉన్నట్టుండి ఏదో సన్నివేశం మధ్యలో ఒక పేరా నిండా కనిపించి మాయమైపోయేది.

“పక్కింటి ముసలావిడకి కుడి కణతలో నొప్పి. పొద్దున్నే మరీ ఎక్కువ. కోడలికి చెబుదామనుకుంటుంది. పాపం దానికి దొరికేవే ఈ నాలుగు రోజుల సెలవులు, ఎందుకులే అని ఊరుకుంటుంది.”

బాగానే ఉంది గాని, కథ పెళ్ళిచూపుల దగ్గర ఉత్కంఠగా ఆగి ఉంటే ఈవిడ కణత నొప్పి ఎవడికి కావాలి? ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, మా మాస్టర్లు రాసినట్టే పక్కన రాశాను: ‘అనవసరం. కథకి సంబంధం లేదు.’

మరుసటి గురువారం కాగితాలు అందిస్తూ మామ్మగారు అడిగారు.

“పోయినవారానిది చదివావా?”

“చదివాను మామ్మగారూ.”

“అంతా?”

“ప్రతి అక్షరం.”

“ఏమనిపించింది?”

“చాలా బాగుంది మామ్మగారూ. పెళ్ళిచూపులు అదిరిపోయాయి.”

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, “సరే” అన్నారు. ఆ వారం కాగితాల్లో ముసలావిడ మళ్ళీ వచ్చింది. గదికి ఎడమవైపు ఏముందో ఆవిడకి గుర్తుండటం లేదట. ఎడమకాలి చెప్పు ఎక్కడ విడిచిందో రోజూ వెతుక్కుంటోందట. కంచంలో సగం అన్నం అలాగే మిగిలిపోతోందట, కడుపు నిండలేదు గాని కంచం ఖాళీ అయిందనుకుని లేచిపోతోందట. కొట్టేశాను. ‘అనవసరం.’ ఆ పై వారం, ఎవరైనా అడిగితే చెప్పేద్దామని ముసలావిడకి ఉంది గాని ఎవరూ అడగడం లేదట. అదీ కొట్టేశాను. ఈసారి ‘మళ్ళీనా!’ అని కూడా రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయిన రోజులవి. ఆ రోజుల్ని తల్చుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఏడో గురువారం. కాగితాలు సంచిలో పెట్టుకుని వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నాను. వదిన నా వెనకే వచ్చి తలుపు ఓరగా వేసింది.

“ఒక్క మాట. నువ్వు అత్తయ్యగారి కాగితాలు చూస్తావు కదా. రాతలో ఏమైనా తేడా కనిపిస్తోందా?”

“తేడా అంటే?”

“ఏమో, నాకూ సరిగ్గా తెలియడం లేదు. గుమ్మానికి భుజం కొట్టుకుంటున్నారు. నిన్న జాకెట్టు ఒక చెయ్యే తొడుక్కుని వచ్చేశారు. అడిగితే పరధ్యానం అంటారు. మీ అన్నయ్యతో చెబితే నా మీద విరుచుకుపడ్డారు. ‘ఈ వారం పత్రిక చదివావా? మతి సరిగ్గా లేనివాళ్ళు అలా రాస్తారా?’ అన్నారు. నేనూ చదివాను. బ్రహ్మాండంగా ఉంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకే నిన్ను అడుగుతున్నాను. నిజం చెప్పు, ఏమన్నా ఉందా?”

ఇక్కడ నేను నాలుగు అబద్ధాలు కల్పించి నన్ను నేను కాపాడుకోవచ్చు. ఎడిటర్ గారు బయట అనొద్దన్నారనీ, మామ్మగారికి మాటిచ్చాననీ చెప్పుకోవచ్చు. చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. అంతకుముందు వారం పత్రికలో ఆఖరి రెండు పేజీలు పూర్తిగా నేను రాసినవి. పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. అందులో ఒకావిడ, ‘ఈ వయసులో కూడా మీ కలం ఇంత పదునెక్కుతోందంటే ఆశ్చర్యంగా ఉంది’ అని రాసింది. ఆ ఉత్తరం నా సంచిలోనే ఉంది, మామ్మగారికి ఇవ్వకుండా ఇంటికి పట్టుకుపోతున్నాను. తేడా ఉందని చెబితే సీరియల్ ఆగిపోతుంది. ఆగిపోతే నేను మళ్ళీ బల్లల మీద రాళ్ళు సర్దే ఇంటర్నమ్మని. నాకు కళ్ళు నెత్తికెక్కాయి, అంతే.

“ఏం లేదు వదినా. ఎప్పటిలాగే రాస్తున్నారు” అన్నాను.

వదిన ఊపిరి వదిలింది. “హమ్మయ్య. నేనే లేనిపోనివి ఊహించుకుంటున్నానన్నమాట” అని, మెట్ల దాకా వచ్చి మరీ సాగనంపింది.

తొమ్మిదో గురువారం వెళ్ళేసరికి తలుపుకి తాళం. కింద వాటాలో ఉండే ఆవిడ చెప్పింది, పొద్దున పెద్దావిడ మంచం దిగబోయి పడిపోయారట, పిలిస్తే పలకలేదట, ఆస్పత్రికి తీసుకెళ్ళారట. నేను ఆటో ఎక్కి వెళ్ళాను. ఆస్పత్రి వసారాలో బెంచీ మీద అన్నయ్య, వదిన కూర్చుని ఉన్నారు. డాక్టరమ్మ స్కానింగ్ కాగితం పట్టుకుని బయటికి వచ్చింది.

“రెండు నెలల కిందట తలకి దెబ్బేమైనా తగిలిందా?”

“లేదండీ” అన్నాడు అన్నయ్య.

“తగిలింది” అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. బీరువా తలుపు సంగతి చెప్పాను. చెప్పొద్దన్నారని కూడా చెప్పాను.

డాక్టరమ్మ తల ఊపింది. “అదే అయివుంటుంది. వయసు మళ్ళినవాళ్ళకి చిన్న దెబ్బ చాలు. పుర్రె లోపల రక్తం కొంచెం కొంచెంగా చేరుతూ మెదడుని నొక్కుతూ వచ్చింది. ఇది ఇవాళ్టిది కాదు, ఎన్నో వారాలది. ఆపరేషన్ చేస్తాం, ప్రాణానికి భయం ఉండకపోవచ్చు. కాని ఒక నెల ముందు తెచ్చి ఉంటే మామూలు మనిషై ఇంటికెళ్ళేవారు. ఇన్నాళ్ళూ మీకు ఏ తేడా కనిపించలేదా?”

“ఏమీ లేదండీ. ఈ వారం పత్రికలో కూడా ఎంత బాగా రాసిందో చూడండి” అంటూ అన్నయ్య నిజంగానే సంచిలోంచి పత్రిక తీశాడు. డాక్టరమ్మ దానివైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్య కాసేపు ఆ పత్రికని చుట్టలా చుడుతూ నిలబడి, ఉన్నట్టుండి వదిన మీదికి తిరిగాడు.

“సెలవులు కదా, రోజంతా ఇంట్లోనే ఉన్నావు కదా! పక్కగదిలో మనిషి ఇలా అయిపోతుంటే నీకు కనపడలేదా? బడిలో నలభైమంది పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటావే, ఇంట్లో ఒక్క ముసలిదాన్ని కనిపెట్టుకోలేకపోయావా?”

వసారాలో జనం తలలు తిప్పి చూశారు. వదిన ‘నేను చెప్పాను, మీరే వినలేదు’ అనొచ్చు. అనలేదు. నావైపు ఒక్కసారి చూసింది. నేను నేల చూపులు చూశాను. చిన్న నిజం చెప్పేసి పెద్దదాన్ని మింగి కూర్చున్నదాన్ని, ఇంకెక్కడ చూస్తాను?

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపులు తీసేసరికే వెళ్ళి ఎడిటర్ గారి ఎదుట నిలబడ్డాను. ఆపరేషన్ అయింది, తెలివి వచ్చింది, ఎడమ చెయ్యి, కాలు స్వాధీనంలో లేవని అప్పటికే ఫోన్ వచ్చిందట.

“ఆ ఫైలు కావాలి సార్. మామ్మగారి కాగితాలు. వాళ్ళింట్లో చూపించాలి.”

“ఎందుకూ? డాక్టర్‌కి దాంతో పని లేదు కదా.” ఆయన గొంతు తగ్గించారు. “ఆలోచించు తల్లీ. నలభై ఏళ్ళు రాసిన మనిషి. ‘ఆవిడ రాయలేదట, ఆఫీసులో ఎవరో పిల్ల రాసిందట’ అని పాకిందంటే ఆ పేరు మట్టిలో కలిసిపోతుంది. ఆవిడకే అన్యాయం చేసినదానివవుతావు.”

“అక్కడ వదినని నలుగురిలో నిలబెట్టి అడుగుతున్నారు సార్, నీకు కనపడలేదా అని. ఆవిడకి కనబడింది. వచ్చి నన్ను అడిగింది. ఏం లేదని నేనే చెప్పాను.”

ఎడిటర్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఫ్యాను గాలికి కాగితాలు లేస్తుంటే చేత్తో నొక్కిపెట్టుకుని కూర్చున్నారు.

“చచ్చినవాడు టీ అడిగాడని నువ్వు నాకు చెప్పావు” అన్నారు.

“చెప్పాను సార్.”

“నేను నవ్వాను.”

బల్ల సొరుగు లాగి తాళంచెవి నాకిచ్చారు.

ఆస్పత్రిలో వదిన ఒక్కతే బెంచీ మీద ఉంది. అన్నయ్య మందులు పట్టుకుని అప్పుడే మెట్లెక్కి వస్తున్నాడు. అతను వచ్చేదాకా ఆగి, ఫైలు విప్పి, తేదీల వరసన ఒక్కో వారం మొదటి కాగితం బెంచీ మీద పరిచాను. బెంచీ చాలక చివరివి నేల మీద పరిచాను. దగ్గరికెళ్ళి చదవక్కర్లేదు. నిలబడి చూస్తే చాలు. ఎడమవైపు ఖాళీ వారం వారం పెరుగుతూ పెరుగుతూ, ఎనిమిదో వారానికి అక్షరాలన్నీ కుడివైపు గోడకి నెట్టేసినట్టు ఇరుక్కుపోయి ఉన్నాయి.

“ఇవి మా అమ్మ రాతేనా?” అన్నాడు అన్నయ్య.

“అవును అన్నయ్యా. పత్రికలో వచ్చింది ఇది కాదు. చాలావరకు నేను సర్దింది. కొంత నేనే రాసింది. ఏడోవారం వదిన నన్ను అడిగింది, రాతలో తేడా ఉందా అని. లేదన్నాను. అన్నీ తెలిసి లేదన్నాను.”

వదిన ఫైల్లోంచి మిగతా కాగితాలు తీసింది. జవాబు పత్రాలు దిద్దే చెయ్యి కదా, కళ్ళు సూటిగా ఎర్ర గీతల మీదికే వెళ్ళాయి. ఒక పేరా దగ్గర ఆగింది. పైకే చదవడం మొదలుపెట్టింది. పక్కింటి ముసలావిడ. కుడి కణత. కోడలి సెలవులు. ఇంకో కాగితం తీసింది, ఇంకో పేరా. ఎడమకాలి చెప్పు. సగం కంచం. ఎవరూ అడగడం లేదు.

అప్పటిదాకా, చెబితే నమ్ముతారో లేదో, ఆ ముసలావిడ ఎవరో నాకు తట్టలేదు. వదిన గొంతులో వింటుంటే తెలిసింది. గోడకి ఆనుకున్నాను.

“‘అనవసరం. కథకి సంబంధం లేదు.’ ఇది ఎవరి రాత?” అంది వదిన.

“నాదే వదినా.”

అన్నయ్య ఆ కాగితం లాక్కుని చదువుకున్నాడు. చదివి, నేల మీద పరిచిన వాటి పక్కనే చతికిలబడ్డాడు. “నువ్వు చెబుతూనే ఉన్నావు” అన్నాడు వదినతో. “నేను పత్రిక చూపించాను.” తర్వాత నావైపు తిరిగి, “చదువుకున్న పిల్లవి కదమ్మా. ఒక్కమాట చెప్పి ఉంటే మా అమ్మ...” అని, చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. వదిన మాత్రం వంగి కాగితాలన్నీ ఏరి, తేదీలు చూసుకుంటూ వరసగా పేర్చి, అంచులు సమానంగా తట్టి ఫైల్లో పెట్టింది. నా మొహం చూడకుండానే, “ఇంటికెళ్ళు. ఎండ ముదురుతోంది” అంది.

సీరియల్ ఆగిపోయింది. రచయిత్రి అనారోగ్యం వల్ల అని పత్రికలో నాలుగు పంక్తులు వేశారు. పదో వారమంతా నేను పాత సంచికలు ముందేసుకుని, ఏ పేరా ఆవిడది, ఏది నాది అని గుర్తులు పెట్టి ఎడిటర్ గారికి అప్పజెప్పాను. పుస్తకంలో నా ముక్క ఒక్కటి కూడా పడకూడదని. కాలేజీకి కావలసిన కాగితం ఇచ్చారు. అందులో ‘దిద్దుబాటులో మంచి నైపుణ్యం కనబరిచింది’ అని ఉంది. అది ఎప్పుడూ అందరికీ రాసే వాక్యమే. నేను ఆ కాగితాన్ని కాలేజీలో ఇచ్చేటప్పుడు మడిచి ఇచ్చాను.

వానలు మొదలై, కాలేజీ తెరిచాక ఒకరోజు వదిన ఫోన్ చేసింది. “నిన్ను రమ్మంటున్నారు” అంది. పొడిగా అంది. ఇంకేమీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కిటికీ దగ్గర బల్ల తీసేసి అక్కడ వాలుకుర్చీ వేశారు. మామ్మగారు సగానికి సగం అయిపోయారు. ఎడమ చెయ్యి ఒళ్ళో ఎవరో పెట్టి మర్చిపోయినట్టు పడి ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని “మామ్మగారూ” అన్నాను. ఆవిడ గుమ్మం వైపే చూస్తున్నారు. మళ్ళీ పిలిచాను. చుట్టూ వెతికారు గాని నేను కనపడలేదు. వదిన వచ్చి నా కుర్చీ ఆవిడ కుడివైపుకి జరిపి వెళ్ళింది.

“వచ్చావా” అన్నారు అప్పుడు. మాట నెమ్మదిగా వస్తోంది గాని మాటలో మనిషి ఉంది. “పంక్తి ఎక్కడ మొదలవుతుందో కనబడదే నాకు. చదవడం లేదు, రాయడం లేదు. డాక్టరమ్మ చూద్దాం అంటుంది. వాళ్ళు చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసులే.”

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. క్షమించమని అడిగాను. ఏం మాట్లాడానో నాకే తెలియదు. ఆవిడ ఆపమనలేదు. నేను ఆగేదాకా ఉన్నారు.

“ఆ పక్కింటి ముసలిదాన్ని ఎందుకు కొట్టేశావే?”

“కథకి... అవసరం లేదనిపించింది మామ్మగారూ.”

“అవసరం లేదు. అది నిజమే. బాగానే దిద్దావు.” ఆవిడ కాసేపు ఆయాసం తీర్చుకున్నారు. “ఇంట్లో నోరు విప్పితే కలం లాక్కుంటారని భయం. విప్పకపోతే ఏమవుతానో అని ఇంకో భయం. నా రాత చూసేది నువ్వొక్కదానివే కదా. దాన్ని పాఠకుల కోసం రాయలేదే. నీ కోసం రాశాను. చదివి, ఏమైంది మామ్మగారూ అంటావనుకున్నాను.”

వంటింట్లో వదిన గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ అంతకంటే ఏమీ అనలేదు, తిట్టలేదు, ఫర్వాలేదులే అని కూడా అనలేదు. కుడివైపు ఉన్న నన్ను చూస్తూ, ఇంకా దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. నేను కళ్ళు తుడుచుకుని కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

“ఏమైంది మామ్మగారూ?” అన్నాను.

ఆవిడ కుడిచెయ్యి మెల్లగా ఎత్తి, గొరిగిన చోట కొత్తగా మొలుస్తున్న జుట్టులో వేలు పెట్టి చూపించారు.

“ఇక్కడ నొప్పిగా ఉండేదే. పొద్దున్నే మరీను” అన్నారు.

“ఇంకా?” అన్నాను.